స్నేహితుల కబుర్లను పాడ్‌కాస్ట్‌గా మలచడం ఎలా

నిన్న రాత్రి చూసిన సిరీస్ గురించో, లిఫ్ట్ ఎక్కగానే అందరూ అంకెల వైపే ఎందుకు చూస్తారన్న దాని గురించో ఇద్దరు స్నేహితులు మొదలుపెడితే గంట గడిచినా తెలియదు. అవే మాటలు రికార్డు చేసి ఇంకొకరికి వినిపిస్తే పది నిమిషాలకే విసుగు వస్తుంది. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకు ముఖంలో మారే రంగులు, చేతుల కదలిక, ఏళ్ల పరిచయం సాయం చేస్తాయి. వినేవాళ్లకు వాటిలో ఒక్కటీ అందదు. అందుకే రికార్డు చేసే ప్రతిసారీ గదిలో ఒక కుర్చీ అదనంగా ఉందనీ, మీకు పరిచయం లేని మూడో మనిషి కళ్లు మూసుకుని అందులో కూర్చున్నాడనీ అనుకోండి. మైకు ఎంత దూరంలో పెట్టాలి, ఏ నవ్వు ఉంచాలి, ఎవరి పేరు ఎప్పుడు చెప్పాలి అన్నవన్నీ ఆ మనిషిని బట్టే తేల్చుకోవాలి.

ముందు కాగితం మీద

మాట్లాడేవాళ్లు ఇద్దరైతే బాగుంటుంది, ముగ్గురైనా నడుస్తుంది. నలుగురైతే ఏ గొంతు ఎవరిదో పోల్చుకోవడంలోనే వినేవాళ్ల శ్రద్ధంతా అయిపోతుంది. గొంతులు దగ్గరదగ్గరగా ఉంటే మొదటి ఐదు నిమిషాల్లో ఒకరినొకరు పేరు పెట్టి కనీసం రెండుసార్లు పిలుచుకోండి. "ఒరేయ్", "ఏమే" అనుకునే చనువు వదులుకోనక్కర్లేదు. కానీ ఆ పిలుపుల వల్ల గొంతుకూ పేరుకూ ముడి పడదు.

ఒక ఎపిసోడ్‌కు మూడు విషయాలు చాలు. ఒక్కోదానికి నాలుగు వాక్యాలు రాసుకోండి. మొదటిది, అదేమిటో అసలు తెలియనివాళ్లకు చెప్పే వాక్యం. రెండోది, దాని మీద మీ ఇద్దరికీ తేడా వచ్చే చోటు. మూడోది ఒక ఉదాహరణ: ఫలానా సన్నివేశం, ఒక డైలాగు పలికిన తీరు, ఫలానా రోజు జరిగిన చిన్న సంగతి. నాలుగోది, ఎక్కడికి వచ్చి ఆపాలో చెప్పే ప్రశ్న. ఇంతకంటే ఎక్కువ రాస్తే కాగితం చూసి చదువుతున్నట్టు వినిపిస్తుంది.

ఇద్దరికీ ఏ తేడా లేని విషయాన్ని పక్కన పెట్టేయండి. అలాంటి సినిమా మీద పదిహేను నిమిషాలు మాట్లాడితే "సూపర్", "అవును, సూపర్" అన్నవే మిగులుతాయి. ఇద్దరికీ నచ్చినా, నచ్చిన కారణాలు వేరైతే మాత్రం అది చాలా మంచి విషయం.

రోజువారీ జీవితం గురించి మాట్లాడేటప్పుడు ఎంత చిన్న సంగతి పట్టుకుంటే అంత మేలు. "ఈమధ్య ఎవరికీ ఓపిక ఉండట్లేదు" అంటే అక్కడితో మాట అయిపోతుంది, దానికి ఎదురు చెప్పడానికీ ఏమీ ఉండదు. "వాయిస్ మెసేజ్‌లు రెట్టింపు వేగంతో వినడం అలవాటయ్యాక, ఎదురుగా ఉన్న మనిషి మాట నెమ్మదిగా అనిపిస్తోంది" అంటే వినేవాళ్లు వెంటనే తమ ఫోన్ వైపు చూసుకుంటారు.

కాగితాలు ఇచ్చిపుచ్చుకోండి గానీ, ఆ విషయాల మీద ముందే మాట్లాడుకోకండి. ఒకసారి నవ్వేసిన దానికి రెండోసారి నవ్వు తెచ్చిపెట్టుకోవాలి, అది మైకులో ఇట్టే తెలిసిపోతుంది. మైకులు సరిచేసుకునేటప్పుడే మంచి మాటలు దొర్లిపోతుంటాయి కాబట్టి, కుర్చీల్లో కూర్చోగానే రికార్డు నొక్కి ఉంచడం మంచి అలవాటు.

కథ చెప్పాల్సి వస్తే 60 సెకన్లు దాటనివ్వకండి. ముఖ్యపాత్ర ఎవరు, ఆ పాత్రకు ఏం కావాలి, ఏం అడ్డొచ్చింది: ఈ మూడూ చెబితే చర్చకు సరిపడా కథ అందినట్టే. ముగింపు బయటపెట్టే పనైతే ముందే హెచ్చరించండి, ఏ నిమిషానికి దూకితే చాలో కూడా చెప్పండి. ఆ నిమిషం ఎడిటింగ్ అయ్యాకే తెలుస్తుంది. కాబట్టి ఆ ఒక్క వాక్యాన్ని చివర్లో, అదే మైకు ముందు, అదే దూరంలో కూర్చుని విడిగా రికార్డు చేసి అతికించండి.

తెలుగు మాటలో జారిపోయేవి

తెలుగు వాక్యంలో కర్తను వదిలేయడం మనకు సహజం. "వెళ్లి అడిగాడు, ఒప్పుకోలేదు, అప్పుడు చూడాలి ముఖం!" అంటే ఆ సన్నివేశం చూసిన స్నేహితుడు పగలబడి నవ్వుతాడు. మూడో మనిషికి ఎవరు అడిగారో, ఎవరు కాదన్నారో, ఎవరి ముఖం చూడాలో తెలియదు. "అడిగాడు"లో కనీసం మగవాడన్న జాడ ఉంది. "ఒప్పుకోలేదు"లో అదీ లేదు. నేను, నువ్వు, ఆమె, వాళ్లు అందరికీ అదే రూపం. కథలో మనిషి మారిన ప్రతిసారీ పేరు చెప్పాలి. ముఖాముఖి మాటల్లో ఇది అతిగా అనిపిస్తుంది గానీ, రికార్డింగులో ఎవరికీ అడ్డు రాదు.

"ఇంత ఉంటుంది", "ఇలా తిరిగి చూస్తాడు" లాంటివి ఇంకో చిక్కు. చెప్పేవాళ్లు చేయి ఊపుతారు, ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది. ఇక్కడ పని వినే స్నేహితుడిది. "ఎంత?", "ఎలా?" అని మూడో మనిషి తరఫున అడిగే బాధ్యత ఒక్కో విషయానికి ఒకరు తీసుకోండి. మీకు జవాబు తెలిసినా అడగండి. మీ ఇద్దరికే తెలిసిన పాత జోకు వస్తే ఒక్క వాక్యంలో దాని పుట్టుక చెప్పండి. ఒక్క వాక్యంలో ఇమడకపోతే ఎడిటింగ్‌లో తీసేయండి.

ఇక ఊఁకొట్టడం. ఎదురుగా కూర్చున్నప్పుడు "ఊఁ", "అవునవును", "కదా" అనకపోతే చెప్పేవాళ్లకు ఊపు రాదు. కానీ మైకుకు దగ్గరగా, ప్రతి వాక్యం చివరా అవి పడితే వినేవాళ్ల చెవికి గుచ్చుకుంటాయి. తల ఊపడం, కళ్లతో స్పందించడం అలవాటు చేసుకోండి. నిజంగా ఆశ్చర్యం వేసినప్పటి "అబ్బా!" మాత్రం ఎప్పుడూ అణచుకోకండి.

గది, మైకు

గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగితే ఆ గది పనికొస్తుంది. గోడల మధ్య జలజలమని మోత మిగిలితే పనికిరాదు. మంచం, పరుపు, కర్టెన్లు, బట్టలు నిండిన అలమర ఉన్న గది ఖాళీ హాలు కంటే ఎప్పుడూ మెరుగే. మందపాటి దుప్పట్లు మాట్లాడేవాళ్ల వెనకా పక్కలా వేలాడదీస్తే ఇంకా తగ్గుతుంది. గోడకు అంటించే ఫోమ్ లోపలి మోతనే తగ్గిస్తుంది, బయటి వాహనాల రొదను ఆపలేదు. ఆ రొదకు మందు ఒక్కటే: వేళ మార్చుకోవడం. ఫ్యాన్, ఏసీ ఆపండి. మాటలు మొదలుపెట్టే ముందు అందరూ కదలకుండా 30 సెకన్లు మౌనంగా ఉండి గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో అది రెండు విధాలా పనికొస్తుంది.

మామూలు గదిలో, సన్నని చప్పుళ్లనూ పట్టేసే కండెన్సర్ కంటే, అంత సున్నితం కాని డైనమిక్ రకం కార్డియాయిడ్ మైకు మంచిది. కార్డియాయిడ్ ముందు వైపు గొంతును తీసుకుని వెనక వైపు శబ్దాన్ని చాలావరకు వదిలేస్తుంది. నోటికి మైకు బెత్తెడు దూరంలో ఉండాలి, జానెడు దాటకూడదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. నూతిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపించే రికార్డింగులకు అసలు కారణం ఇదే. ఎంత ఖరీదైన మైకైనా ఈ దూరం తెచ్చే లోటును సరిచేయలేదు. మరీ పెదవులకు ఆనించినా తప్పే. కార్డియాయిడ్ మైకుల్లో దగ్గరయ్యే కొద్దీ కింది స్వరాలు ఉబ్బి గొంతు బరువుగా మోగుతుంది.

ప, బ, ఫ, భ పలికినప్పుడు నోట్లోంచి గాలి విసురుగా వచ్చి ఫట్‌మని కొడుతుంది. మైకును నోటికి తిన్నగా కాకుండా 30 నుంచి 45 డిగ్రీలు పక్కకు పెట్టి, దాని ముఖం మాత్రం నోటివైపే తిప్పి ఉంచితే గాలి పక్కనుంచి పోతుంది, గొంతు అందుతుంది.

ఒకే గదిలో రెండు మైకులుంటే వాటి మధ్య దూరం, నోటికీ మైకుకూ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. 10 సెంటీమీటర్లలో మాట్లాడితే మైకుల మధ్య 30 సెంటీమీటర్లు తప్పనిసరి, మీటరు ఉంటే హాయి. ఒకరి గొంతు రెండో మైకులోకి కాస్త ఆలస్యంగా చేరి మొదటిదానితో కలిసినప్పుడు, గొట్టంలోంచి వచ్చినట్టు బోలుగా తయారవుతుంది. ధ్వని మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంత చిన్న ఆలస్యమే గొంతును ఇలా పాడు చేస్తుంది.

రెండు యూఎస్‌బీ మైకులు ఒకే కంప్యూటరుకు తగిలించి సరిపెట్టుకుందామనుకునేవాళ్లు చాలామంది ఇబ్బంది పడతారు. ఆడాసిటీ లాంటి రికార్డింగు ప్రోగ్రాములు ఒకసారికి ఒక్క పరికరం నుంచే ధ్వని తీసుకుంటాయి. రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు (మూడు పిన్నుల కేబులుతో పనిచేసేవి), వాటిని కంప్యూటరుకు కలిపే, రెండు ఇన్‌పుట్‌లున్న ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె అయితే ఎవరి గొంతు వాళ్ల ట్రాకులో విడిగా పడుతుంది. అది లేకపోతే ఇద్దరి ఫోన్లూ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పుస్తకాల దొంతర మీద మడత గుడ్డ వేసి, ఎవరి ఫోన్ వాళ్ల ముందు జానెడు దూరంలో ఉంచండి. గుడ్డ లేకపోతే బల్ల మీద వేళ్లు తాకిన ప్రతి చప్పుడూ ఎక్కుతుంది.

రికార్డు నొక్కేటప్పుడు

పెట్టుకోవాల్సిన సెట్టింగులు ఇవి: వేవ్ ఫైలు (ధ్వనిని కుదించకుండా దాచేది), 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల నమూనాలు), 24 బిట్ (ఒక్కో నమూనాను కొలిచే సూక్ష్మత), ఒక్కో గొంతుకు ఒక మోనో ట్రాక్. గంటకు ఒక్కో ట్రాక్ సుమారు 518 మెగాబైట్లు అవుతుంది, ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. అందరి పరికరాల్లోనూ ఒకే అంకె ఉండాలి. 48లో తీసినదాన్ని ప్రోగ్రాము 44.1గా పొరబడితే గొంతు దాదాపు 8 శాతం నెమ్మదించి, బరువెక్కి వినిపిస్తుంది.

గెయిన్ (మైకు ధ్వనిని ఎంత పెంచి తీసుకోవాలన్నది) సరిచేయడానికి "హలో, మైక్ టెస్టింగ్" అనడం దండగ. స్నేహితుల మాటల్లో అన్నిటికంటే పెద్ద శబ్దం నవ్వు. కాబట్టి గట్టిగా నవ్వి చూడండి. మామూలు మాట గరిష్ఠాలు -18 నుంచి -12 డెసిబెల్స్ మధ్య, నవ్వు -6 లోపు ఉండేలా పెట్టుకోండి. ఈ కొలతలో సున్నాయే పై హద్దు. దాన్ని తాకిన శబ్దం పగిలిపోతుంది, పగిలిన నవ్వును ఏ సాఫ్ట్‌వేరూ అసలు రూపానికి తేలేదు. 24 బిట్‌లో తక్కువ స్థాయిలో తీసినా తర్వాత పెంచుకోవచ్చు, కాబట్టి సందేహం వస్తే తగ్గించడమే మంచిది.

మొదటి విషయానికి ముందు పది నిమిషాలు ఏదో ఒకటి మాట్లాడండి, అది పారేసేదే. గొంతులు సర్దుకోవడానికీ, మైకు ఉందన్న స్పృహ పోవడానికీ ఆ సమయం కావాలి. 40 నిమిషాల ఎపిసోడ్ కోసం గంట రికార్డు చేస్తే సరిపోతుంది. ఒకరు చెబుతుండగా మాట తట్టితే అడ్డుపడకుండా వేలు పైకెత్తండి. వాదన వేడెక్కినప్పుడు ఎదుటివారి మాటను ఒక్క వాక్యంలో తిరిగి చెప్పి, ఆపైన మీది చెప్పండి. వినేవాళ్లు వాదన దారి తప్పకుండా వెంట రావడానికి దీన్ని మించిన ఉపాయం లేదు.

దూరదూరంగా ఉంటే

కాల్ మాట్లాడుకోవడానికే. రికార్డింగు మాత్రం ఎవరి దగ్గర వాళ్లు విడిగా చేసుకోవాలి. వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ రొదను అణచే క్రమంలో ఒకేసారి వచ్చిన రెండు గొంతుల్లో ఒకదాన్ని, సన్నని నవ్వుల్ని మింగేస్తుంది. కాల్‌నే రికార్డు చేస్తే ఆ చిల్లులు శాశ్వతం. దాన్ని అదనపు ప్రతిగా మాత్రం తప్పక ఉంచుకోండి. ఒకరి రికార్డింగు పాడైతే అదే దిక్కు.

ఇద్దరూ వైరున్న ఇయర్‌ఫోన్లే పెట్టుకోవాలి. స్పీకరులో వింటే అవతలి గొంతు మీ మైకులోకి వచ్చేస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు వాడగానే అది ఫోన్‌కాల్ పద్ధతికి మారి ధ్వని నాణ్యతను కుదించేస్తుంది, పైగా ఆలస్యం పెంచుతుంది. ఒకరి మాట అవతలివారికి చేరే ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఒకేసారి ఆగడం ఎక్కువవుతుంది.

రికార్డింగు మొదట్లో "మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టి ఇద్దరూ చప్పట్లు కొట్టండి. చివర్లో కూడా కొట్టండి, ఇది చాలామంది మర్చిపోతారు. రెండు పరికరాల గడియారాలు ఎప్పుడూ కచ్చితంగా ఒకేలా నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్లు జారుతుంది. మొదట్లో అతికినట్టున్న సంభాషణలో చివరికొచ్చేసరికి జవాబు ప్రశ్నను తొక్కేస్తుంది. చివరి చప్పట్లు ఎంత జరిగాయో చూసి, మధ్యలో మౌనం ఉన్న చోట్ల ట్రాకును ముక్కలు చేసి కొద్దికొద్దిగా సర్దండి.

కోత

మొదటిసారి వినేటప్పుడు ఏమీ కోయకండి. విసుగొచ్చిన చోట గుర్తు పెట్టుకుంటూ చివరిదాకా వినండి. రెండోసారి పెద్ద ముక్కలు తీసేయండి: మొదలై ఎటూ పోని కథలు, మళ్లీ చెప్పిన అభిప్రాయాలు, ఎవరికీ అర్థం కాని జోకులు. చిన్నచిన్న "అంటే", "మరి"ల జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. ముందే వాటిని ఏరుకుంటూ కూర్చుంటే, రేపు మొత్తంగా తీసేసే భాగం మీద రెండు గంటలు పోతాయి.

సంభాషణలో ఒకరి మాటకూ మరొకరి మాటకూ మధ్య ఎడం సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. దూరపు రికార్డింగులో నెట్ ఆలస్యం వల్ల ఇది అర సెకను దాటి, ఇద్దరికీ పడనట్టు వినిపిస్తుంది. అలాంటి చోట ఎడాన్ని 200, 300 మధ్యకు దగ్గర చేయండి. అయితే మౌనాలన్నీ తీసేసే ఆటోమేటిక్ మీట నొక్కకండి. కష్టమైన ప్రశ్న తర్వాత రెండు సెకన్ల మౌనం ఆలోచిస్తున్నట్టు చెబుతుంది, దాన్ని తీసేస్తే ఆ జవాబే తేలిపోతుంది.

నవ్వు విషయంలో నా తీర్పు ఖచ్చితం: మొదలును ఎప్పుడూ ఉంచాలి, తోకను కత్తిరించాలి. నాలుగైదు సెకన్లు దాటిన నవ్వు దగ్గర మూడో మనిషి తనను బయట నిలబెట్టినట్టు భావిస్తాడు. ఊపిరి మధ్యలో కోయకండి, ఊపిరికి ముందు గానీ పూర్తయ్యాక గానీ కోయండి. అతుకు దగ్గర 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా రెండోది పెరగడం) పెడితే టిక్కుమన్న చప్పుడు రాదు. మాట తీసేసిన చోట పూర్తి శూన్యం వదిలితే ధ్వని ఆగిపోయినట్టుంటుంది. అక్కడ ముందే తీసిపెట్టుకున్న గది నిశ్శబ్దాన్ని పరచండి.

శుభ్రం చేయడంలో వరస ముఖ్యం. ముందు 80 హెర్ట్జ్ కంటే కింద ఉండే గుమగుమ మోతను, కింది స్వరాలను ఆపేసే హై-పాస్ ఫిల్టర్‌తో తీసేయండి. తర్వాత గది నిశ్శబ్దాన్ని నమూనాగా చూపించి రొదను 6 నుంచి 12 డెసిబెల్స్ తగ్గించండి. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. ఆ తర్వాతే పెద్ద శబ్దాలకూ చిన్న శబ్దాలకూ తేడా తగ్గించే కంప్రెసర్: నిష్పత్తి 3:1, తగ్గింపు 3 నుంచి 6 డెసిబెల్స్. కంప్రెసర్‌ను ముందు వాడితే చిన్న శబ్దాలు పైకి లేచి రొద ఇంకా పెరుగుతుంది. చివరగా మొత్తం బిగ్గరతనం. దాన్ని ఎల్‌కేఎఫ్‌ఎస్ అన్న కొలతలో చూస్తారు. యాపిల్ పాడ్‌కాస్ట్స్ సూచన -16 ఎల్‌కేఎఫ్‌ఎస్, అటూ ఇటూ 1 డెసిబెల్. గరిష్ఠం -1 డెసిబెల్ దాటకూడదు. కొన్ని ప్రోగ్రాముల్లో ఇదే కొలత ఎల్‌యూఎఫ్‌ఎస్ అన్న పేరుతో కనిపిస్తుంది.

ఎంపీ3గా ఎగుమతి చేసేటప్పుడు మాటలకు మోనోలో సెకనుకు 96 కిలోబిట్లు చాలు, గంటకు సుమారు 43 మెగాబైట్లు. వేవ్ ఫైళ్లు చెరిపేయకండి, తర్వాతి దిద్దుబాట్లు వాటి నుంచే చేయాలి.

పాటలు, మనుషుల పేర్లు

సినిమా గురించి మాట్లాడుతున్నాం కదా అని పాట ముక్కో డైలాగు క్లిప్పో వేయాలనిపిస్తుంది. పది సెకన్ల లోపైతే పర్వాలేదన్న నియమం ఎక్కడా లేదు, అది నోటి మాటగా పాకిన అపోహ. విమర్శ కోసం వాడుకునే వెసులుబాటు చాలా దేశాల చట్టాల్లో ఉంది గానీ, ఏది అందులోకి వస్తుందన్నది సందర్భాన్ని బట్టి తేలుతుంది. క్లిప్ వేసే బదులు ఆ సన్నివేశాన్ని మీ మాటల్లో చెప్పండి. ఎలాగూ వినేవాళ్లకు బొమ్మ కనిపించదు, మంచి వర్ణన వాళ్లకు ఎక్కువ సాయం. మొదట్లో వచ్చే సంగీతానికి సొంతంగా చేసుకున్నదో, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (షరతులతో ఇతరులు వాడుకునేందుకు స్వరకర్త ఇచ్చే అనుమతి) ఉన్నదో వాడండి. ఆ లైసెన్సుల్లో వాణిజ్యానికి వాడకూడదనేవీ, మార్చకూడదనేవీ ఉన్నాయి, షరతు చదివి స్వరకర్త పేరు వివరణలో రాయండి.

రోజువారీ కబుర్లలో పక్కింటివాళ్లు, సహోద్యోగులు, చుట్టాలు దొర్లుతారు. పేరు మార్చితే సరిపోదు. తెలిసినవాళ్లు ఉద్యోగం, బంధుత్వం బట్టి పోల్చేస్తారు. ఆ మనిషిని అడిగి చెప్పండి, లేదా గుర్తుపట్టే ఆనవాళ్లన్నీ మార్చండి. విడుదలకు ముందు మాట్లాడిన ప్రతి ఒక్కరూ పూర్తి ఎపిసోడ్ వినాలి. ఎవరైనా "ఈ ముక్క వద్దు" అంటే కారణం అడక్కుండా తీసేయాలన్న ఒప్పందం మొదటి రోజే చేసుకోండి. ఆ భరోసా ఉంటేనే స్నేహితులు మైకు ముందు మనసు విప్పుతారు.

బయటికి వదలడం

పాడ్‌కాస్ట్ అన్న మాట 2004 ఫిబ్రవరిలో పత్రికలో కనిపించింది. 2005 జూన్‌లో యాపిల్ ఐట్యూన్స్‌లో దీనికి చోటిచ్చింది. అప్పటి నుంచీ దీని వెన్నెముక ఆర్‌ఎస్‌ఎస్ ఫీడే, అంటే కొత్త ఎపిసోడ్ల జాబితాను యాప్‌లకు అందించే ఫైలు. ఎపిసోడ్లను నెట్‌లో దాచే హోస్టింగ్ సేవలో ఆడియో ఫైలు పెడితే అది ఫీడ్ తయారుచేస్తుంది. ఆ ఫీడ్ చిరునామాను ఒక్కో యాప్ డైరెక్టరీలో ఒక్కసారి నమోదు చేస్తే చాలు, కొత్త ఎపిసోడ్లు వాటంతటవే చేరతాయి. హోస్టింగ్ ఎంచుకునేటప్పుడు ఒకటి తప్పక చూడండి: రేపు వేరే చోటికి మారితే పాత చిరునామాను కొత్తదానికి 301 పద్ధతిలో, అంటే శాశ్వతంగా, మళ్లిస్తారా? మళ్లించకపోతే అప్పటిదాకా చేరిన శ్రోతలు అక్కడే ఆగిపోతారు. ఫీడ్‌లో ఉండే ఈమెయిల్ ఎవరికైనా కనిపించవచ్చు కాబట్టి దానికోసం విడిగా ఒకటి తెరవండి.

ముఖచిత్రం చదరంగా, 1400 నుంచి 3000 పిక్సెళ్ల మధ్య ఉండాలి. ఫోన్‌లో అది గోరంత కనిపిస్తుంది, కాబట్టి రెండు మూడు మాటలకు మించి రాయకండి. ఎపిసోడ్ పేరులో ఉత్త అంకె కాకుండా విషయం ఉండాలి. వివరణలో మూడు విషయాలూ మొదలయ్యే నిమిషాలు రాయండి.

విడుదలైన వారానికి, ఇయర్‌ఫోన్లలో కాకుండా ఫోన్ స్పీకరులో, ఏదైనా ఇంటిపని చేస్తూ ఆ ఎపిసోడ్ వినండి. మనసు పక్కకు పోయిన ప్రతి నిమిషాన్నీ రాసుకోండి, అక్కడ ఎవరి పేరు చెప్పలేదో, ఏ చేతి సైగ మాటల్లోకి రాలేదో వెతకండి. తర్వాతి ఎపిసోడ్ కాగితాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఆ చీటీ కూడా జత చేయండి.